పావుగంట బాకీ

నేను ఒక బటన్ ఫోన్ని. ఇప్పటి పిల్లలు డబ్బా ఫోను అంటారు. నాకేమీ కోపం లేదు. అరచేతిలో ఇమిడిపోతాను, కిందపడితే మూడు ముక్కలై మళ్ళీ ఒకటవుతాను, వారానికి రెండుసార్లు చార్జింగు పెడితే చాలు, నోరెత్తను. అయితే ఇంత నిబ్బరంగా కనిపించే నన్ను ఏళ్ళ తరబడి ఒక అనుమానం లోలోపల తొలుస్తూ వచ్చింది. నాలోంచి వెళ్ళిన దేవుడి పేరు దేవుడికి చేరుతుందా? మనిషి నోట పుట్టిన నామం నా పొట్టలో పడి, గాలిలో ఎగిరి, ఎక్కడో ఇంకో ఫోను నోట తేలేసరికి అందులో నామం మిగులుతుందా, ఉత్త చప్పుడే మిగులుతుందా?

ఫోనుకు ఇలాంటి అనుమానాలెందుకని మీరు అడగవచ్చు. నేను పడ్డ చేతులు అలాంటివి.

చెన్నపట్నం అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు వరసగా కూర్చుని నాకు చెవీ నోరూ అతికించారు. వాటితో ఏం వినాలో, ఏం పలకాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. నా మొదటి యజమాని చీరాలలో చీరల ఏజెంటు. ఆయన మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకుని, "ఒంగోలు దాటేశానండీ, దారిలోనే ఉన్నా" అనేవాడు. నేను ఆ మాటను అంతే శ్రద్ధగా అవతలి చెవి దాకా మోసేదాన్ని. అబద్ధం మోసినా నిజం మోసినా బరువులో తేడా తెలిసేది కాదు. నా అనుమానానికి విత్తనం అక్కడే పడిందనుకుంటాను.

ఏజెంటు అద్దాల ఫోను కొనుక్కున్నాక నన్ను సెకండ్ హ్యాండు కొట్టులో వదిలేశాడు. అక్కడి నుంచి నన్ను ఇంటికి తెచ్చుకున్నవాడు బుచ్చేశ్వరం. చీరాల పక్క జాండ్రపేట నేతగాడు. తెల్లారే స్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకుని, దేవుడి పటానికి దండం పెట్టినంత భక్తిగా మగ్గానికీ దండం పెట్టి దాని కింద కాళ్ళాడించే గుంటలోకి దిగే మనిషి. నన్ను మగ్గం పక్క గూట్లో పెట్టేవాడు. నేను మోగితే పోగు మోస్తూ అటూ ఇటూ ఆడే నాడె ఆపి, చేతులు పంచెకు తుడుచుకుని, అప్పుడు ఎత్తేవాడు. నాతో ఒక్క అబద్ధం కూడా ఆడించలేదు. ఒక్కోసారి, "రవణా, ఉప్పు తక్కువైందే" అని భార్య రవణమ్మకు నిజం చెప్పి చిక్కుల్లో పడేవాడు కూడా.

వాళ్ళ వీధి చివర రామమందిరం ఉంది. ఏటా ఆషాఢ పౌర్ణమికి అక్కడ ఏకాహం చేస్తారు. సూర్యోదయం నుంచి మర్నాటి సూర్యోదయం దాకా రామనామం ఆగకూడదు. గంటకో వంతు. ఒకరు పలికితే పక్కవాళ్ళు అందుకోవాలి. వంతు దిగేవాడు, ఎక్కేవాడి గొంతు లేచాకే తన గొంతు దించాలి. రెప్పపాటు కూడా నామం తెగకూడదు. పగలు పదకొండు నుంచి పన్నెండు వంతు సింగరకొండది, పన్నెండు నుంచి ఒంటిగంట బుచ్చేశ్వరానిది. భోజనాల వేళ కాబట్టి ఆ వంతులు ఎవరూ అడగరు. వీళ్ళిద్దరూ వదలరు.

సింగరకొండ రవణమ్మకు పెదనాన్న కొడుకు, బుచ్చేశ్వరానికి వరసకు బావ. మందిరం కట్టుబాట్లకు ఆయన కాపలా. ఒకసారి కుర్రకారు, "భోజనాల వేళ జనం ఉండరు గదా, ఆ కాసేపు టేపు వేద్దాం" అంటే ఆయన అంతెత్తున లేచాడు.

"మిషను పలికితే నామమవుతుందిరా? మనిషి ఊపిరుండాల. ఊపిరి లేని నామం గాలికి కొట్టుకునే తలుపుతో సమానం."

ఆ మాట అన్నప్పుడు నేను బుచ్చేశ్వరం జేబులో ఉన్నాను. నేనూ మిషనునే. ఆ రోజు నుంచి నా అనుమానానికి వేళ్ళు దిగాయి.

ఇక బాకీ సంగతి. నేను ఆ ఇంటికి రాకముందు ఒక ఏకాహం నాడు, బుచ్చేశ్వరం వంతు ఇంకా పావుగంట మిగిలి ఉండగా, తల్లికి బాగాలేదని, నిన్నే తలుచుకుంటోందని కబురొచ్చిందట. నామం పలుకుతూనే దిక్కులు చూశాడట. సింగరకొండ తన వంతు దిగాక అందరికీ వడ్డించి, అప్పుడే విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. కలిపిన ముద్ద విస్తట్లో వదిలేసి, చెయ్యి కడుక్కుని వచ్చి పక్కన కూర్చుని, నామం అందుకుని, నువ్వు పో అన్నట్టు చెయ్యి ఊపాడు. తల్లి చివరి చూపు బుచ్చేశ్వరానికి దక్కింది. సింగరకొండ పావుగంట పాడి వచ్చేసరికి విస్తట్లో అన్నం చల్లారిపోయింది, పెరుగు మీద ఈగలు వాలాయి.

ఆ పావుగంట తీర్చుకుంటానని బుచ్చేశ్వరం ఏటా అడిగేవాడు. సింగరకొండ ఇచ్చేవాడు కాదు.

"ఉండనీవోయ్ బావా! బాకీ ఉంటేనే నువ్వు నాకు అణిగిమణిగి ఉంటావు."

అదొక సరసం. వీధిలో ఎదురుపడినప్పుడల్లా బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పట్టి, 'ఇంత ఉంది నీ బాకీ' అని చూపి నవ్వేవాడు. బుచ్చేశ్వరమూ నవ్వేవాడు. ఇంటికొచ్చి గుంటలో దిగాక మాత్రం ఆ నవ్వు ఉండేది కాదు. అమ్మ చివరి చూపు ఇంకొకడి ఆకలి మీద దక్కిందన్న మాట ఆయన ఎవరితోనూ అనలేదు. మగ్గం ఖాళీగా ఉన్న వేళ తనలో తాను గొణుక్కునేవాడు. పక్క గూట్లోంచి నేను వినేదాన్ని.

ఈ ఏడు ఆషాఢం వచ్చింది. పెళ్ళిళ్ళుండవు, చీరకు గిరాకీ ఉండదు. ఒంగోలు నుంచి యాత్రల జట్టు ఒకటి గోరఖ్‌పూరు దాకా రైల్లో, అక్కడి నుంచి బస్సులో నేపాల్లోని ముక్తినాథ్ పోతుంటే బుచ్చేశ్వరం సీటు కట్టాడు. పౌర్ణమి బుధవారం. ఆ తెల్లవారుజాముకే చీరాలలో రైలు దిగేలా చూసుకున్నాడు. రవణమ్మకు మోకాళ్ళు సహకరించవు. "నా పేరూ చెప్పి మునగండి" అని ఇంట్లో ఉండిపోయింది.

బయల్దేరే ముందు బుచ్చేశ్వరం బజారులో ఫోన్ల కొట్టుకు వెళ్ళి, "అమ్మాయ్, ఇది నేపాల్లో పలుకుద్దా?" అని అడిగాడు. "వేరే దేశం గదా తాతా, రోమింగు వేయించుకోకపోతే మూగబోద్ది" అని ఆ పిల్ల నాకు ఏవో నాలుగు అంకెలు నొక్కి మంత్రోపదేశం చేసింది. మిగతా యాత్రికులు అడగలేదు. "నేపాలంటే మన పక్కిల్లేగా" అన్న యాత్ర మేనేజరు మాట నమ్మారు.

సరిహద్దు గేటు దాటాక బస్సులో ఉన్న అద్దాల ఫోన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి మూగబోయాయి. నేను ఒక్కదాన్నే పలికాను. కొత్త దేశపు టవరు నన్ను పలకరించి, నా ఊరూ పేరూ అడిగి, లోపలికి రానిచ్చింది. తన దేశపు టైము ఎంతో కూడా చెవిలో చెప్పింది. అక్కడి గడియారాలు మనకంటే పావుగంట ముందు నడుస్తాయి. అతిథిగా వెళ్ళినప్పుడు ఆ ఇంటి పద్ధతి పాటించాలి గదా, నేను నా గడియారాన్ని పావుగంట ముందుకు తిప్పుకున్నాను. ఆ సంగతి బుచ్చేశ్వరానికి చెప్పడానికి నాకు దారి లేదు.

ఆ రోజు నుంచి బస్సు మొత్తానికి నేనే ఫోను. నరసరావుపేట పద్మావతమ్మ రోజూ సాయంత్రం నన్ను అడిగి పుచ్చుకునేది. "అన్నగారూ, ఒక్క నిమిషం" అని కోడలికి ఫోను చేసి, "మోటరు కట్టేశావా? పాలు పొంగించావా?" అని కేకలేసేది. కొండెక్కి, నూటెనిమిది ధారల కింద వణుకుతూ మునిగొచ్చినవాళ్ళు కూడా ఇంటికి చేసి ముందుగా అడిగింది గ్యాసు బండ గురించే. ముక్తి గురించి అడిగినవాళ్ళు లేరు. నాకు నవ్వొచ్చింది. తర్వాత, ఇల్లు మర్చిపోలేనివాళ్ళే దేవుణ్ణి వెతుక్కుంటూ ఇంత దూరం వస్తారేమో అనిపించింది.

సోమవారం ఉదయం పోఖరాలో తగాదా మొదలైంది. ఆ రాత్రికి గోరఖ్‌పూరులో రైలందుకోవాలి. అందరూ బస్సెక్కారు. పద్మావతమ్మ తన అద్దాల ఫోను చూసి, "ఏడూ ఇరవై. రాహుకాలం రాకముందే కదిలించండి" అంది. బుచ్చేశ్వరం నన్ను తీసి చూశాడు.

"ఇంకెక్కడి ఇరవయ్యమ్మా? ఏడూ ముప్పై అయిదు. రాహుకాలం వచ్చేసింది."

"మా అందరి ఫోన్లూ తప్పు, మీ డబ్బా ఒక్కటే ఒప్పా అన్నగారూ?"

"నువ్వే ఆలోచించు తల్లీ. సిగ్నలున్న ఫోనుకు టైము తెలుస్తదా, మూగబోయిన ఫోనుకా? నా సిమ్ము చీరాలది, అది చూపే టైమూ చీరాలదే."

ఆ వాదనకు బస్సంతా తలూపింది. సిగ్నలు లేని వస్తువుకు లోకజ్ఞానం ఎక్కడిదని ఒకరన్నారు. అసలు రాహువుకు మన టైము లెక్కా, ఈ దేశపు టైము లెక్కా అని ఇంకొకరికి అనుమానం వచ్చింది గానీ, దానికి జవాబు ఎవరికీ తెలియదు కాబట్టి ఆ ప్రశ్న అక్కడే ఆగిపోయింది. డ్రైవరు వీళ్ళను ఎగాదిగా చూసి టీ తాగడానికి పోయాడు. రాహుకాలం వెళ్ళాకే బస్సు కదిలింది.

ఘాట్ రోడ్డు సగం దిగేసరికి ముందర కొండ విరిగి దారి మీద పడి ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కానీ మట్టీ రాళ్ళూ బస్సు కన్నా ఎత్తున పేరుకుపోయాయి. తీయడానికి రెండు మూడు రోజులు పడుతుందన్నారు.

"అప్పుడే బయల్దేరి ఉంటే ఈ పాటికి అవతల ఉండేవాళ్ళం" అంది పద్మావతమ్మ.

"లేదా దాని కింద ఉండేవాళ్ళం" అన్నాడు బుచ్చేశ్వరం. అన్నాడే గానీ, వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు. రైలు పోయింది. పౌర్ణమి పోతుంది. నన్ను జేబులోంచి తీసి సింగరకొండకు ఫోను చేశాడు.

"బావా, నేను బుధవారానికి అందుకోలేను."

"దాందేముందోయ్! నీ వంతు నేను చూసుకుంటాలే."

"వద్దు బావా. ఫోనులో పాడతా. మైకు దగ్గర ఫోను పెట్టించు."

అవతల సింగరకొండ గొంతు తగ్గించాడు.

"టేపు వద్దన్న నోటితో ఫోను రమ్మనాల్నా? కుర్రాళ్ళ ముందర నా మాటేం కావాల? నువ్వు క్షేమంగా రా. నీ గంట నాది."

ఫోను పెట్టేశాక బుచ్చేశ్వరం నన్ను పంచెకు తుడిచాడు. "పావుగంటే మోయలేక చస్తన్నా" అన్నాడు, ఎవరితోనో తెలీదు. "దాని మీద ఇంకో గంటా?"

మళ్ళీ నన్ను నొక్కాడు. ఈసారి రవణమ్మకు. ఆమె అంతా విని, "అన్నయ్యతో నేను పడతాలే. పన్నెండింటికి మీరు చెయ్యండి. మైకు ముందర పెట్టే పూచీ నాది" అంది. మర్నాడే బజారుకు వెళ్ళి నా కడుపు నిండా బ్యాలెన్సు పోయించింది.

బుధవారం వాన. రోడ్డు పక్కన మాయ అనే ఆవిడ టీ కొట్టు ఒకటుంది. రెండు రోజులుగా బస్సు జనానికి ఆమె పొయ్యే గతి. ఆ చుట్టుపక్కల నాకు సిగ్నలు దొరికే చోటు ఒక్కటే, కొట్టు వెనక మేకల దొడ్డి గోడ. బుచ్చేశ్వరం తడి గుడ్డతోనే గోడెక్కి నిలబడ్డాడు. నాలో ఒక్కటే గీత. నా గడియారం పన్నెండు చూపగానే రవణమ్మకు చేశాడు. మందిరం వెనక వంటల దగ్గరున్న రవణమ్మ గడియారం చూడలేదు. భర్త చేశాడంటే పన్నెండయిందనే లెక్క. నేరుగా లోపలికి నడిచి ఫోను మైకు ముందర పెట్టింది.

అక్కడ అప్పటికి పన్నెండు తక్కువ పావు. సింగరకొండ నామం పలుకుతున్నాడు. జతగాడు చెయ్యి కడుక్కోవడానికి లేచి వెళ్ళాడు. మందిరంలో ఆయన ఒక్కడే. మైకు ముందు వాలిన ఫోనును చూశాడు, గోడ గడియారం చూశాడు, చెల్లెలి వంక ఉరిమి చూశాడు. 'తియ్యవే' అనాలంటే నామం ఆపాలి. ఆపలేడు. ఆ ఉరుములన్నీ రామనామంలోనే ఉరిమాడట. నాకు వినిపించిన నామం మాత్రం మహా కోపంగా ఉంది.

ఇటు బుచ్చేశ్వరం అందుకున్నాడు. రెండు గొంతులు కలిశాయి. మామూలుగా ఎక్కేవాడి గొంతు లేవగానే దిగేవాడు దించాలి. సింగరకొండ దించలేదు. ఇంకా గట్టిగా ఎత్తుకున్నాడు. వంతు తనది, ఎలా దించుతాడు? అలా ఎత్తిన గొంతుకు దగ్గు అడ్డం పడింది. ఆయనదీ మగ్గం బతుకే, నూలు దుమ్ము తిన్న రొమ్ము. ఒక దగ్గు, మరో దగ్గు, ఆ తర్వాత ఆగని దగ్గు. పక్కన అందుకునేవాడు లేడు. రవణమ్మ నీళ్ళ కోసం పరుగెత్తింది.

ఆ క్షణాన ఆ మందిరంలో రామనామం పలుకుతున్నది నేను మోసుకొచ్చిన గొంతు ఒక్కటే.

నాలో ఉన్న ఒక్క గీత వణికింది. గాలివాన ఒకసారి కొడితే ఆరిపోయింది, మళ్ళీ మినుకుమంది. నా జన్మలో దేన్నీ అంత గట్టిగా పట్టుకోలేదు. చీరల ఏజెంటు అబద్ధాలు మోసిన ఈ ఒంట్లో ఉన్న శక్తినంతా కూడదీసుకుని ఆ కొండల మీది టవరును పట్టుకుని వేలాడాను. తెగనివ్వలేదు. ఒక్క పలుకు కూడా జారనివ్వలేదు.

బుచ్చేశ్వరానికి అక్కడి సంగతి తెలియదు. అటు నుంచి దగ్గు వినిపించింది, బావ గొంతు ఆగింది, అంతే. కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. కొండగాలికి ఊపిరి అందడం లేదు. పలుకుకూ పలుకుకూ మధ్య ఈల వేసినట్టు ఊపిరి లాగుతున్నాడు. ఇంతలో నెత్తి మీద వాన ఆగింది. ఆగలేదు, మాయ గొడుగు పట్టింది. "ఏం పాట బా?" అన్నట్టు చూసింది. బా అంటే వాళ్ళ భాషలో పెద్దాయన. మాట అర్థమయ్యాక ఆమె ముఖం విప్పారింది. ఆ పేరు వాళ్ళ దేశంలోనూ అదే. ఆయన పలికి ఊపిరి తీసుకునే సందులో ఆమె అందుకుంది. ఏదో పొలం పాట వరస, ఎన్నడూ వినని యాస, కానీ నామం అదే.

అటు సింగరకొండ నీళ్ళు తాగాడు. దగ్గు తగ్గింది. వంతు తనది, తిరిగి అందుకోవచ్చు. అందుకోలేదు. చెవి ఫోను దగ్గర పెట్టాడని రవణమ్మ తర్వాత చెప్పింది. లోపల నుంచి వాన చప్పుడు, మేక అరుపు, ఎవరో పరాయి దేశపు ఆడమనిషి గొంతు, వాటన్నిటి మధ్య ఊపిరాడక ఆయాసపడుతూ, అయినా వదలకుండా పలుకుతున్న బావ. ఆయాసపడే టేపు ఎక్కడుంటుంది? సింగరకొండ కండువాతో కళ్ళు తుడుచుకుని, వంతు నడిపే పెద్దగా కాక, పక్కన కూర్చుని అందుకునేవాడిగా, ఫోను పలికినదానికి బదులు పలికాడు.

ఆ బదులు నా చెవిన పడింది. ఇన్నేళ్ళ నా అనుమానం అక్కడ తీరింది. చేరింది. చేరకపోతే బదులెందుకు వస్తుంది?

ఆ తర్వాతంతా పండగే. గోడ మీద పాట విని బస్సులోంచి ముందు పద్మావతమ్మ దిగింది, ఆమె వెనక మిగతావాళ్ళు. గొడుగులు, గోనెపట్టాలు, తలల మీద పళ్ళేలు. మేకల దొడ్డి చుట్టూ వలయంగా నిలబడి తెలుగునాటి యాత్ర బస్సంతా అందుకుంది. అటు భోజనాలు ముగించుకుని వీధి వీధంతా వచ్చి అందుకుంది. రెండు దేశాల భజన నా వేలెడంత ఒంట్లోంచి వెళ్ళింది. వంతు దిగే వేళ దాకా ఒక్క గీత మీదే నిలిచాను.

ఒంటిగంటకు అక్కడ తర్వాతి జత అందుకున్నాక సింగరకొండ ఫోను పట్టుకుని బయటికి వచ్చాడు.

"ఏమోయ్ బావా, ఆ దేశంలో గడియారాలు కూడా కొండలెక్కుతయ్యా? పావుగంట ముందే దిగావు!"

బుచ్చేశ్వరం నన్ను చూశాడు, పద్మావతమ్మ మూగ ఫోను అడిగి దాన్నీ చూశాడు. సోమవారం నాటి రాహుకాలం ఆయన ముఖం మీద కనిపించింది.

"తప్పయింది బావా. నీ వంతులో పడ్డాను."

"పడ్డావు కాబట్టే నామం తెగలా. ఇంటికి రా, చెప్తా."

పద్మావతమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "అయితే ఏడూ ఇరవయ్యే నిజమన్నమాట!" అంది. బస్సంతా నవ్వింది. ఎవరికీ కోపం రాలేదు. మర్నాటికి దారి కూడా తెరుచుకుంది.

చీరాలలో దిగిన రోజు మధ్యాహ్నం సింగరకొండ వాళ్ళింట్లో విస్తరి వేశారు. బుచ్చేశ్వరాన్ని కూర్చోబెట్టి సింగరకొండే వడ్డించాడు. ఆయన బొటనవేలూ చూపుడువేలూ ఎప్పుడు దగ్గరవుతాయా అని బుచ్చేశ్వరం చూస్తున్నాడు. నేను కూడా జేబులోంచి ఆ మాట కోసమే చెవులు రిక్కించి ఉన్నాను. సింగరకొండ ఆ చేత్తో అన్నం మీద నెయ్యి పోశాడు.

"నింపాదిగా తిను బావా. మధ్యలో లేపేవాళ్ళు లేరు. ఆ రోజు నేను పాడింది పావుగంట, మొన్న నువ్వు పాడింది పావుగంట. చెల్లు."

బుచ్చేశ్వరం తల వంచుకుని ముద్ద కలిపాడు. కలిపిన ముద్దను కాసేపు అలాగే చూశాడు. తర్వాత తిన్నాడు. రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడు. నేను ఆ ఇంట ఉన్నన్నాళ్ళలో ఆయన అడిగి వేయించుకోవడం అదే మొదలు.

ఇప్పుడు నా బటన్లు అరిగిపోయాయి, పలకడం మానేశాను. మందిరంలో హార్మోనియం పక్కన, తాళాల పెట్టె మీద నన్ను పెట్టారు. ఏకాహం నాడు నాకూ ఒక బొట్టు పెడతారు. పెట్టేది సింగరకొండే. తిరిగొచ్చాక మన టవరు టైము చెప్పినా నేను వినలేదు, నా గడియారం మాత్రం ఆగిపోయిన నాటి వరకూ పావుగంట ముందే నడిచింది. దాన్ని వెనక్కి తిప్పనివ్వలేదు బుచ్చేశ్వరం.